పెళ్ళిపందిట్లో ఈనాము: మేర నుంచి టిప్పు దాకా

మన కథల్లోనూ నవలల్లోనూ పెళ్ళిళ్ళకు కొదవలేదు. కట్నం బేరాలు, అలకపాన్పులు, వియ్యపురాళ్ళ దెప్పులు, ఆడపిల్ల తండ్రి అప్పులు - వీటి మీద మన రచయితలు రాయవలసినంతా రాశారు, ఇంకా రాస్తున్నారు. కాని ఆ పెళ్ళి జరగడానికి పందిరి వేసినవాడు, కుండలు తెచ్చినవాడు, సన్నాయి ఊదినవాడు, దివిటీ పట్టినవాడు, ఎంగిలి విస్తళ్ళు ఎత్తిన మనిషి - వీళ్ళకు ఆ పూట ఏం ముట్టింది, ఏ పేరుతో ముట్టింది, ఎవరి చేతిమీదుగా ముట్టింది అన్న ప్రశ్న మన సాహిత్యంలో అరుదుగా వస్తుంది. వస్తే తరచు ఒకే రకంగా వస్తుంది. పెద్దాయన జేబులోంచి నోటు తీసి ఇస్తాడు. పుచ్చుకున్నవాడి కళ్ళు చెమరుస్తాయి. "తమది ధర్మగుణం బాబూ" అంటాడు. పెద్దాయన మంచివాడని పాఠకుడికి తెలియజేయడానికి రచయిత చేతికి సులువుగా అందే పనిముట్టు అది. ఈ వ్యాసంలో నేను పరీక్షకు పెట్టదలచుకున్నది ఆ సన్నివేశాన్నే. ఆ నోటు ఎక్కడినుంచి వచ్చింది? అది దయా, కూలా, బాకీనా?

బడిపంతులుకు ఊళ్ళో తప్పని చాకిరీ ఒకటుంది. చేతిరాత బాగుంటుందని పెళ్ళిళ్ళలో చదివింపులు రాయడానికి కూర్చోబెడతారు. ఆ పుస్తకం చివరి పేజీల్లో ఖర్చుల చిట్టా కూడా మనచేతే రాయిస్తారు. పాతికేళ్ళుగా ఈ పని చేస్తూ నేను గమనించిన విషయం ఒకటుంది. డబ్బు ఒకటే అయినా పద్దు పేరు మనిషిని బట్టి మారుతుంది. పురోహితుడికి ఇచ్చింది "సంభావన" అని రాయమంటారు, లేదా "దక్షిణ" అని. కంసాలికి ఇచ్చింది "కట్నం". మేళంవాళ్ళకు ముందు మాట్లాడుకున్నది "కిరాయి", ఆపైన ఇచ్చింది "ఈనాము". చాకలికీ మంగలికీ ఇచ్చింది ఒక్కోసారి పేరే లేకుండా "చిల్లర" కింద పోతుంది. పొయ్యి దగ్గర నీళ్ళు మోసిన ఆడవాళ్ళకు ఇచ్చింది "కూలి". (పాత రికార్డులు ఎలా పిలిచాయో అలాగే కులాల పేర్లు వాడుతున్నాను. రజకులు, నాయీబ్రాహ్మణులు అన్న మాటలు ఆ కులాలవారు ఆత్మగౌరవం కోసం నిలబెట్టుకున్నవి. వాటిని 16వ శతాబ్దం మీద రుద్దితే చరిత్ర తేలికైపోతుంది.)

ఈ మాటల్ని కొంచెం తరచి చూడాలి. సంభావన అంటే గౌరవించడం. పుచ్చుకునేవాడు పెద్ద, ఇచ్చేవాడు చిన్న. కనుక అది తాంబూలంలో పెట్టి, రెండు చేతులతో, వంగి ఇవ్వాలి. ఈనాము అరబ్బీ మాట, బక్షీసు పారశీక మాట, మామూలు మళ్ళీ అరబ్బీ. మూడూ నవాబుల కచేరీల మీదుగా మన పల్లెలకు చేరాయి. మూడింటిలోనూ ఇచ్చేవాడిదే పైచేయి. ఆ పైచేయి అన్నది నిజంగానే పైనుంచి ఉండేది. డప్పు కొట్టినవాడికి పందిరి బయటే, చేయి తగలకుండా, నాణెం పైనుంచి జారవిడిచిన రోజులు మన తాతల నాటివే. బియ్యం, పప్పు, కూరలు పురోహితుడి ఇంటికి పంపితే దాని పేరు స్వయంపాకం. అదే బియ్యం, అదే పప్పు చాకలి మూటలో పోస్తే దానికి పేరే లేదు. వస్తువు మారలేదు. మారింది శ్రమకు సమాజం కట్టిన అంతస్తు.

ఇక చరిత్ర. విజయనగర కాలం నుంచీ మన గ్రామాల్లో పన్నిద్దరు ఆయగాండ్ర వ్యవస్థ వుండేదని విద్యార్థులు చదువుకునే వుంటారు. కరణం, రెడ్డి, తలారి, పురోహితుడు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారు ఊరికి సేవ చేయాలి. ఊరు వారికి మాన్యమో, పంటలో వాటాయో ఇవ్వాలి. కల్లం దగ్గర కుప్ప నూర్చి ధాన్యం కొలిచేటప్పుడు రైతు ఇల్లు చేరకముందే ఈ వాటా తీసిపెట్టాలి. దాని పేరే మేర. మేర అన్న మాటకు తెలుగులో హద్దు అన్న అర్థం కూడా వుంది. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఇమడడం కాకతాళీయమో కాదో భాషాశాస్త్రజ్ఞులు చెప్పాలి. నాకు మాత్రం అందులో ఆ వ్యవస్థ మొత్తం కనిపిస్తుంది. నీకు రావలసినది ఇంత. నువ్వు దాటకూడనిదీ ఇంతే.

మేర ఏడాది పొడుగునా చేసే క్షౌరానికి, ఉతుకుడుకు, నాగలి కర్రుకు. పెళ్ళి దానిలో కలవదు. పెళ్ళిలో పని వేరు, దానికి చెల్లింపు వేరు. ఆ పని ఎంతో ఒకసారి లెక్కవేద్దాం. చాకలి పందిట్లో పైన మేలుకట్టు కట్టాలి, పెళ్ళివారు నడిచే దారిలో బట్టలు పరవాలి, ఊరేగింపులో దివిటీ పట్టాలి, అంతా అయ్యాక మైలబట్టల మూట ఎత్తుకోవాలి. మంగలి పెళ్ళికొడుకుకు క్షౌరం చేయాలి, గోళ్ళు తీయాలి. అతనో అతని అన్నదమ్ములో సన్నాయీ డోలూ పట్టాలి. కుమ్మరి అరివేణి కుండలకు రంగులు వేసి సిద్ధం చేయాలి. తెలంగాణలో వాటిని ఐరేని కుండలంటారు. వాటికోసం పెళ్ళివారే మేళతాళాలతో కుమ్మరి ఇంటికి కదలి వెళ్ళే ఆచారం ఇప్పటికీ చాలాచోట్ల వుంది. వడ్రంగి పీటలు చేయాలి, కంసాలి పుస్తెలు చేయాలి.

ఇక్కడ ఒక విషయం మన విమర్శకుల దృష్టికి తగినంతగా రాలేదని నా అభిప్రాయం. ఈ వృత్తులవాళ్ళు పెళ్ళిలో తమకు రావలసినదాన్ని అడుక్కోలేదు, అడిగారు. కుమ్మరికి బట్టా బియ్యమూ చెల్లిస్తే గాని కుండ గడప దాటదు. మంగళస్నానంలో పెళ్ళికొడుకు విడిచిన బట్టలు ఊరి ఆచారాన్ని బట్టి ఫలానావాడివి. వాటిని ఇంట్లోవాళ్ళు దాచుకుంటే పదిమందిలో మాట పడాలి. పరిచిన బట్ట మీద అడుగు వేసే ముందు చాకలిది చాకలికి ముట్టాలి. మేళగాడు సరిగ్గా వూపు అందుకున్నచోట ఆపి అటూ ఇటూ చూస్తాడు. ఇదంతా వేళాకోళంలా సాగేది. వేళాకోళం వెనక ఒక బలం వుండేది. ఆ ముహూర్తానికి వాళ్ళు చేయి ఆపితే పెళ్ళి ఆగుతుంది. ఏడాదిలో మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ తలవంచుకు బతికిన మనిషికి ఆ పూట మాత్రం బేరం చేసే అదను దొరికేది. మన జానపద సాహిత్య పరిశోధకులు పెళ్ళిపాటలు సేకరించారు, పద్ధతులు సేకరించారు. ఈ బేరాల్ని కూడా సేకరించి వుంటే మనకు శ్రామికుల మాట కొంత దొరికేది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" ఈ దారి చూపింది. రాజుల వంశవృక్షాలు పక్కన పెట్టి, కావ్యాల్లోంచి తిండీ బట్టా ఆటా పాటా ఏరి చరిత్ర రాయవచ్చునని ఆయన నిరూపించారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి ఆ పుస్తకానికే దక్కింది. దారి వుంది, నడిచినవాళ్ళు తక్కువ.

ఈనాము అడిగే అవకాశం నిజంగా వస్తే ఒక పనివాడు ఏమి అడుగుతాడు? దీనికి మన చరిత్రలో రాతి మీద చెక్కిన జవాబు ఒకటుంది. 1540ల కాలం. విజయనగర సింహాసనం మీద సదాశివరాయలు పేరుకు కూర్చున్నాడు, అధికారమంతా అళియ రామరాయల చేతిలో వుంది. కొండోజు అనే మంగలి తన పనితనంతో రామరాయల మెప్పు పొందాడు. ఆ మెప్పుకు ఫలంగా మంగలివాళ్ళ మీద వున్న పన్నులూ వాళ్ళు చేయవలసిన వెట్టీ మాఫీ అయ్యాయి. ఈ మాఫీని ప్రకటించే శాసనాలు కన్నడ దేశంలోనూ దానికి ఆనుకొన్న తెలుగు సీమల్లోనూ ఒకటికి మించి దొరికాయి. గడ్డం గీసినందుకు మెచ్చి ప్రభువు ఇచ్చినది కనుక దీన్ని కూడా బక్షీసే అనవచ్చు. కాని ఎంత తేడా! బంగారు కడియం ఒక్కడి చేతికే వుంటుంది. ఈ మాఫీ ఆ వృత్తిలో వున్న అందరికీ చెందింది, అదీ నోటిమాటగా కాక శాసనంగా. మంగలివాళ్ళు పన్ను కట్టుకుంటూ, దానిపైన వెట్టి కూడా చేస్తూ వుండేవారన్న సంగతి మనకు ఖాయంగా తెలిసింది ఈ మాఫీ వల్లనే. రాయలవారి భువనవిజయం గురించి వేల పేజీలు రాసుకున్న మనం కొండోజు గురించి ఎన్ని రాశాం? అదే శతాబ్దంలో పెళ్ళిళ్ళ మీద వున్న సుంకాన్ని తీసివేసినట్టు చెప్పే శాసనాలు కూడా చాలా వున్నాయి. అంటే పెళ్ళి చేసుకున్నందుకు ప్రభువుకు కట్టాలి, పెళ్ళిలో పని చేసేవాడు తన పనికి కూడా పన్ను కట్టాలి. పెళ్ళిపందిరి కిందినుంచి పైకి డబ్బు ప్రవహించే కాలవ అన్నమాట. ఈనాము ఆ కాలవలోంచి వెనక్కి తుళ్ళిన నాలుగు చుక్కలు.

ఆ చుక్కలు కూడా లేని చోటు తెలంగాణ. నిజాం రాజ్యంలో దేశముఖులూ జాగీర్దారులూ వృత్తులవాళ్ళచేత చేయించుకున్నది వెట్టి. కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి గడీలో బట్టలూ గిన్నెలూ చూడాలి, బోయీలు దొరసానుల మేనాలు కోసుల కొద్దీ మోయాలి. దొర ఇంట్లో పెళ్ళయితే పని ఉచితం కావడమే కాదు, ఊరివాళ్ళే ఎదురు కానుకలు సమర్పించుకోవాలి. దాశరథి రంగాచార్యగారి "చిల్లర దేవుళ్లు" నవల చదివినవారికి ఈ వాతావరణం కొత్త కాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ సాయుధ పోరాటం మీద 1972లో వెలువరించిన గ్రంథంలో ఈ వెట్టి రూపాల్ని వరసగా నమోదు చేశారు. వాటిలో ఒకటి చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. దొరలు కూతుళ్ళ పెళ్ళి చేసి అత్తవారింటికి పంపేటప్పుడు సారెతోపాటు దాసీపిల్లల్ని కూడా పంపేవారు. ఆడబాపలని వాళ్ళకు పేరు. పెళ్ళిలో పనిచేసిన మనిషికి బహుమానం ఏమిచ్చారు అని మనం అడుగుతున్నాం. అక్కడ పనిచేసే మనిషే బహుమానం. "దొరగారి పెళ్ళి ఎంత వైభవంగా జరిగిందో" అని పాత జ్ఞాపకాలు రాసుకునేవాళ్ళు ఈ ఒక్క సామాను గురించి రాయరు.

నిజాం ప్రభుత్వం 1920లలో వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా ఇచ్చింది. కాగితం మీద వెట్టి పోయింది. ఆంధ్ర జనసంఘమూ, 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుపుకున్న ఆంధ్ర మహాసభా దీనిమీద ప్రచారం చేశాయి, తీర్మానాలు చేశాయి. నిజంగా వెట్టి ఆగింది మాత్రం 1940లలో సంఘం కర్రలు పట్టుకుని గడీల ముందు నిలబడ్డాకనే. ఆ పోరాటానికి ముఖంగా నిలిచిన చిట్యాల ఐలమ్మ పాలకుర్తి చాకలి కుటుంబపు మనిషి. విసునూరు దేశముఖు ఎత్తుకుపోవాలనుకున్నది ఆమె కౌలు చేసుకున్న పొలంలో పంట. ఇందులో అంతరార్థం గమనించాలి. గడీలో బట్టలు ఉతికి, దొర విదిలించినది పుచ్చుకుని బతికితే ఐలమ్మతో అతనికి పేచీ లేదు. ఆమె భూమి పట్టింది, గింజలు తనవంది. అప్పుడు పేచీ వచ్చింది.

కోస్తా జిల్లాల్లో మార్పు వేరే దారిన వచ్చింది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈనాము కమిషను వేసి మాన్యాల లెక్కలన్నీ తీసింది. ఇక్కడ ఈనాము అంటే భూమి. దేవుడికీ బ్రాహ్మణుడికీ ఇచ్చిన ఈనాము, గ్రామసేవకుడికి ఇచ్చిన ఈనాము. ఒకే మాట వందల ఎకరాల అగ్రహారానికీ వర్తించింది, సన్నాయివాడి చేతిలో పడిన అర్ధణాకూ వర్తించింది. తరవాత హైదరాబాదు రాష్ట్రంలో 1955లోనూ ఆంధ్ర ప్రాంతానికి 1956లోనూ ఈనాముల రద్దు చట్టాలు వచ్చాయి. మొదటి అర్థంలో ఈనాము చట్టప్రకారం చచ్చిపోయింది. రెండో అర్థంలో మాత్రం నిక్షేపంగా బతికి వుంది.

ఈలోగా మేర కరిగిపోతూ వచ్చింది. పట్నంలో సెలూను పెట్టుకున్న కుర్రవాడు పల్లెలో గింజల కోసం ఏడాది ఆగడు. మిరపా పొగాకూ వేసిన రైతుకు కల్లంలో కొలవడానికి గింజలుండవు. దివిటీ పోయి పెట్రోమాక్సు వచ్చింది, పెట్రోమాక్సు పోయి జెనరేటరు వచ్చింది. మేలుకట్టు పోయి షామియానా సప్లయి కంపెనీ వచ్చింది. గింజల స్థానంలో డబ్బు రావడం అభివృద్ధి అని మనం పాఠాల్లో చెబుతాం. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922 నాటికే "మాలపల్లి"లో ఈ లెక్క తేల్చారు. ధాన్యం ధర పెరిగినప్పుడు గింజల కూలిని డబ్బు కూలిగా మార్చడం ఎవరికి లాభమో ఆ నవలలో పాలేళ్ళకు తెలుసు, అందుకే వాళ్ళు పని ఆపుతారు. అదే సూత్రం పెళ్ళి కట్నాలకూ పట్టింది. "ఒక పంచ, అయిదు కుంచాలు" అన్నది ధర ఎంత పెరిగినా పంచే, అయిదు కుంచాలే. "నూట పదహార్లు" అన్నది ఏడాదికేడాది చిక్కిపోతుంది. పైగా నూట పదహార్లని అంకె ఖాయం చేసింది పుచ్చుకునేవాడు కాదు.

ఇక్కడే నా వాదం స్పష్టంగా చెప్పాలి. ఎందుకంటే మన మధ్య రెండు పొరపాటు ధోరణులు కనిపిస్తున్నాయి. మొదటిది, పాత పల్లెలో అందరూ ఒకరికొకరు అన్నట్టు బతికారనీ, చాకలికీ కాపుకూ మధ్య డబ్బుకు అందని ఆప్యాయత వుండేదనీ కన్నీళ్ళు పెట్టే ధోరణి. ఆప్యాయత వుండవచ్చు, మనుషులు కదా. కాని మేర తీసుకునే కులంలో పుట్టినవాడికి మేర మానేసే స్వేచ్ఛ లేదు. కొడుకు చదువుకుంటానంటే ఊరి బట్టలెవరు ఉతుకుతారు అన్నది ప్రశ్న. రెండో ధోరణి, ఇప్పుడంతా కాంట్రాక్టు కనుక శ్రామికుడు విముక్తి పొందాడన్నది. మేరలో బంధం వుంది, కాని దాంట్లో వాటా అనే భావం కూడా వుంది. కల్లం దగ్గర తీసిపెట్టినది రైతు దయ కాదని ఊరందరికీ తెలుసు. ఇవాళ పెళ్ళిలో వడ్డించే కుర్రవాడికి ఆ బంధం లేదు. ఆ వాటా కూడా లేదు. అతనికి మిగిలింది ఎవరైనా తలచుకుంటే ఇచ్చే టిప్పు.

ఈ టిప్పును మన నాగరికులు కొందరు సిద్ధాంతరీత్యా ఇవ్వరు. అది భూస్వామ్య సంస్కృతి అవశేషమనీ, శ్రమకు వేతనం వుండాలి గాని భిక్ష వుండకూడదనీ ఉపన్యాసం చెప్పిన మిత్రుణ్ణి నేనెరుగుదును. మాట నిజమే. ఆ వేతనం ఇస్తున్నారా లేదా అని మాత్రం ఆయన కేటరింగు యజమానిని ఏనాడూ అడగలేదు. నాకు వెంటనే గిరీశం గుర్తొచ్చాడు. "కన్యాశుల్కం" మొదటి రంగంలోనే ఫోటో తీసిన పంతులుగారి బాకీ కోసం బంట్రోతు వస్తాడు, గిరీశం వాణ్ణి బుకాయించి సాగనంపుతాడు. పూటకూళ్ళమ్మ సరుకుల కోసం ఇచ్చిన డబ్బుకూ అదే గతి. సంఘసంస్కరణ గురించి అంత అందంగా మాట్లాడేవాడు పని చేసినవాళ్ళకు బాకీ వున్నాడన్న సంగతి గురజాడ అక్కడ వూరికే పెట్టలేదు. మనం గిరీశం ఇంగ్లీషు చూసి నవ్వుతాం, బంట్రోతు ముఖం చూడం. ఆ నాటకపు ఆంగ్ల పీఠికలో గురజాడ ఒక లెక్క ఉటంకించారు. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాల జాబితా తయారు చేయిస్తే మూడేళ్ళలో 1,034 తేలాయి. ఆ వెయ్యి ముప్ఫయినాలుగు పందిళ్ళలో సన్నాయి ఊదినవాళ్ళ, కుండలు తెచ్చినవాళ్ళ జాబితా తయారు చేయించాలని ఎవరికీ తోచలేదు. ఇది గురజాడ లోపం కాదు, జాబితాలు తయారు చేసే వర్గపు చూపు.

సన్నాయి అన్నాను కాబట్టి ఒక మాట. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా సాహెబు 1977లో పద్మశ్రీ అందుకున్నారు. సభావేదిక మీద ఆ వాద్యానికి శాలువా, సత్కారం. అదే వాద్యం పెళ్ళిపందిట్లో వుంటే చొక్కాకు పది రూపాయల నోటు పిన్నుతో గుచ్చడం. వాయించే కీర్తన ఒకటే కావచ్చు. వినేవాడు కూర్చున్నాడా భోంచేస్తున్నాడా అన్నదాన్ని బట్టి సంభావన బక్షీసుగా మారిపోతుంది.

ఇదంతా మన వెనకబాటుతనమనీ, పాశ్చాత్య దేశాల్లో ఇలా వుండదనీ అనుకునేవాళ్ళున్నారు. అమెరికాలో కూతురి పెళ్ళి చేసి వచ్చిన మా బంధువు ఒకాయన అక్కడి భోజనాల బిల్లు గురించి ఆశ్చర్యంగా చెప్పాడు. బిల్లు పూర్తయ్యాక కింద వందకు ఇరవై చొప్పున పనివాళ్ళ టిప్పు కలిసి వుందట. ఎంత మర్యాద, అన్నాడు. మర్యాద వెనక చరిత్ర వుంది. అంతర్యుద్ధం తరవాత పుల్‌మన్ రైలు కంపెనీ నిన్నటిదాకా బానిసలుగా వున్న నల్లవారిని పోర్టర్లుగా పెట్టుకుని, జీతం నామమాత్రంగా ఇచ్చి, మిగతాది ప్రయాణికుల దయకు వదిలింది. పోర్టర్లు 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సంఘం పెట్టుకున్నారు. కంపెనీచేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి 1937 దాకా పట్టింది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం మొదలుకొని కొన్ని రాష్ట్రాలు టిప్పును చట్టంతో నిషేధించాయి కూడా. 1926 నాటికి ఆ చట్టాలన్నీ పోయాయి. టిప్పు వచ్చే పనివాడికి అక్కడి కేంద్ర చట్టం నిర్ణయించిన కనీస కూలి గంటకు 2 డాలర్ల 13 సెంట్లు, అది 1991 నుంచి మారలేదు. మిగతాది టిప్పుతో నిండకపోతే యజమాని పూడ్చాలని చట్టంలో వుంది. పూడ్చమని అడగవలసింది మళ్ళీ ఆ పనివాడే. అంటే యజమాని ఇవ్వవలసిన కూలిలో పెద్ద భాగాన్ని పెళ్ళి చేసుకునేవాడి మర్యాద మీదికి నెట్టడం ప్రపంచంలో అతి సంపన్న దేశంలోనూ సాగుతోంది. మా బంధువుకు ఈ సంగతి చెబితే, "అయితే మనం ఇచ్చింది ఎవరి బాకీ?" అన్నాడు. సరైన ప్రశ్నే.

మన ఫంక్షన్ హాళ్ళలో బిల్లు కింద ఆ గీత కూడా వుండదు. ఇటీవల ఒక పెళ్ళిలో వడ్డించే కుర్రవాడు నా విస్తరి ముందు ఆగి "మాస్టారూ, నేనండీ" అన్నాడు. మా బడిలో పదో తరగతి చదివి వెళ్ళినవాడు, ఇప్పుడు డిగ్రీలో వున్నాడు. ముహూర్తాల రోజుల్లో ఈ పనికి వస్తాడట. పూటకు ఇంత అని మేస్త్రీ ఇస్తాడు, ఎంత ఇస్తాడో ఆ రోజు మేస్త్రీ లెక్క. చొక్కా మీద కేటరింగు కంపెనీ పేరుంది, అతని పేరు లేదు. బయట చదివింపుల బల్ల మీద పెళ్ళివారు క్యూఆర్ కోడ్ అట్ట నిలబెట్టారు. వచ్చిన ప్రతి అతిథికీ తిరుగు బహుమతిగా వెండిపూత కుంకుమభరిణె ఇస్తున్నారు. అతని చేతికి ఏమైనా ఇద్దామని జేబు తడుముకుంటే నాకు చేయి రాలేదు, శిష్యుడికి టిప్పు ఎలా ఇస్తాం! అతనే నా ఇబ్బంది కనిపెట్టి నవ్వాడు. "పెళ్ళివారు పోయేటప్పుడు ఎంతో కొంత ఇస్తారండీ. అది మేస్త్రీకి ఇస్తారు. మాదాకా రాదు. మీకు తెలిసినవాళ్ళయితే, ఇచ్చేదేదో మా చేతికే ఇమ్మనండి మాస్టారూ. ఎంతన్నది తరవాత సంగతి." పెళ్ళికూతురి తండ్రి నాకు స్నేహితుడే. చెప్పాను. "మేస్త్రీకి చెబితే వాళ్ళే పంచుకుంటారు లెండి, మనకెందుకు ఆ గొడవ" అన్నాడు. ఆయన కఠినుడు కాదు, ఆ వారంలోనే అనాథాశ్రమానికి అన్నదానం చేశాడు.

కథల్లోని పెద్దాయన జేబులోంచి నోటు తీసే సన్నివేశం ఇప్పుడు మళ్ళీ చదవండి. ఆ నోటుకు ముందు ఎన్ని పూటల కూలి ఎగ్గొట్టబడిందో, దాన్ని పుచ్చుకున్నవాడి కళ్ళు ఎందుకు చెమరుస్తాయో రచయిత చెప్పకపోతే ఆ కన్నీరు అబద్ధం. కొత్తగా రాస్తున్న కొందరు వృత్తికులాల రచయితలు ఇదే సన్నివేశాన్ని పుచ్చుకునేవాడి వైపు నుంచి రాస్తున్నారు. అందులో నోటు చిన్నదిగా, దాన్ని అందుకోవడానికి వంగవలసిన నడుం పెద్దదిగా కనిపిస్తుంది. వాటిలో శిల్పం కొంచెం మోటుగా వున్నా నాకు అవే ఎక్కువ నచ్చుతాయి.

మా పక్క ఊరి మేళం పెద్ద ఒకాయన ఇప్పుడు రసీదు పుస్తకం అచ్చు వేయించుకున్నాడు. పెళ్ళి మాట్లాడుకోవడానికి వస్తే ముందు బయానా పుచ్చుకుని రసీదు కోసి ఇస్తాడు. తేదీ, ముహూర్తం, ఎంతమంది, కిరాయి ఎంత, బయానా ఎంత, బాకీ ఎంత అని గళ్ళున్నాయి. "వాళ్ళకూ రసీదులొచ్చాయి, పొగరు కాకపోతే" అని ఊళ్ళో కొందరు గొణుక్కుంటున్నారు. రసీదు అడుగున సన్న అక్షరాల్లో ఒక వరస వుంది. దారి ఖర్చులు, భోజనాలు, ఈనాములు అదనం. ఆ మూడోది ఎందుకు వేయించావని అడిగాను. "ఇవ్వకపోతే పేచీ లేదండీ. ఇస్తే మాత్రం దాన్ని కిరాయిలో తగ్గించుకుంటున్నారు. అందుకని రాయించాను" అన్నాడు.